పెద్ద సర్వీసు

నా కుడి మోకాలు కిక్ కొట్టడానికి పనికిరాదు. బండికి సెల్ఫ్ పోయింది. ఈ రెండూ ఒకే ఏడాది జరిగాయి. అదే ఏడాది నా భార్య రెబ్కా పోయింది. మొదటి రెండూ బాగుచేయించుకోవచ్చని సలహా చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. మూడో దాని సంగతి దేవుడు చూసుకుంటాడన్నారు.

బండి స్టార్ట్ చేయలేకపోతే నేను పొలం పోలేను. పొలం దర్శి రోడ్డు మీద ఉంది, ఊరికి దూరం. మా మామగారు కూతుళ్లిద్దరికీ పంచిచ్చిన చేను అది. గట్టుకు ఇటు మాది, అటు రెబ్కా అక్క ఫెబాది. నాకు వదిన. కాబట్టి రోజూ పొద్దున్నే ఆమె భర్త శ్యామ్ సుందర్ స్కూటర్ వెనక కూర్చుని పోవలసి వస్తోంది. నాకు తోడల్లుడు. రిటైరైన హెడ్మాస్టరు.

నేను తామర పురుగు పడి మిరప తోట మాడిపోవడం చూశాను. గులాబీ పురుగు పత్తికాయలో దూరి కాపురం పెట్టడం చూశాను. శ్యామ్ సుందర్ వెనక కూర్చోవడం వాటికన్నా కష్టం. ఆయన స్కూటర్‌ను నడపడు, మేపుతాడు. ఒకరోజు గేదెల మంద మమ్మల్ని దాటి పోయింది. దారిలో కనబడ్డ ప్రతివాడి దగ్గరా ఆపి వందనాలు చెబుతాడు. హెల్మెట్ పెట్టుకుని లోపల పాటలు పాడతాడు. పాట అయ్యాక నాకు ఓర్పు గురించి చెబుతాడు.

రెబ్కా గుంటూరు ఆస్పత్రిలో ఉన్నన్ని రోజుల్లో ఈయన ఒక్కసారి కూడా రాలేదు. ప్రార్థన చేస్తున్నామని ఫోన్లో చెప్పేవాడు. ప్రార్థన ఊళ్లో కూర్చుని కూడా చేయొచ్చు, నిజమే. బస్సు ఛార్జీ మిగులుతుంది. నేను మర్చిపోలేదు. అలాంటి మనిషి నడుము పట్టుకుని రోజూ చేనుకు పోతున్నాను.

అందుకని బండి అమ్మేసి, ఆ డబ్బుతో సెల్ఫ్ పనిచేసే పాత స్కూటీ ఒకటి కొనాలనుకున్నాను. పొదిలిలో ఒకటి చూసి పెట్టాను కూడా. స్కూటీ వస్తే కిక్ అవసరం ఉండదు, తోడల్లుడి అవసరం ఉండదు. నాకు కావలసింది ఇంతే.

బండిని ట్రాక్టర్ ట్రక్కులో వేయించి దర్శి తీసుకెళ్లి అల్లాబక్షుకు చూపించాను. అద్దంకి రోడ్డు మీద అతనిది రేకుల షెడ్డు. కొన్నప్పటి నుంచీ ఈ బండిని చూస్తున్నది అతనే. కిక్ కొట్టాడు. బండి ఊళ్లో అందరికీ తెలిసిన ఆ దగ్గు దగ్గి, తెల్లటి పొగ వదిలింది. అల్లాబక్షు చెవి దగ్గరగా పెట్టి విని, ఆపేసి, చేతులు తుడుచుకున్నాడు. ఆస్పత్రిలో డాక్టరు కూడా ఇలాగే తుడుచుకున్నాడు.

"బోరు అరిగింది బాబాయ్. రింగులు పోయాయి. క్లచ్ ప్లేట్లు అప్పడాలయ్యాయి. చైను సంగతి నేను చెప్పను, నువ్వు బాధపడతావు. పెద్ద సర్వీసు చేయాలి."

"సెల్ఫ్?"

"ఏడాది నుంచీ చెబుతున్నా కదా, మోటారు కాలిపోయింది. దాని జోలికి మాత్రం పోవద్దు. దండగ."

అమ్మేదానికి పెద్ద సర్వీసు ఎందుకని అడిగాను. సర్వీసు చేయిస్తే మంచి ధర వస్తుందనీ, చేయించకపోతే పొగ చూసి పాత ఇనుము కింద అడుగుతారనీ చెప్పాడు. నేను లెక్క వేశాను. ఎక్కువ వచ్చేదంతా సర్వీసుకే సరిపోతోంది. చేయించినా చేయించకపోయినా నా చేతికి వచ్చేది ఒకటే. తేడా అంతా అల్లాబక్షు చేతిలో పడుతుంది. ఆ మాటే అతనితో అన్నాను. అదీ తేడానే కదా బాబాయ్ అన్నాడు.

మిరప వేసేవాడికి ఇది కొత్త తగాదా కాదు. కాయ ఎండాక తాలు ఏరించాలా, ఏరకుండానే గుంటూరు యార్డుకు తోలాలా అని ఏటా ఉండేదే. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. ఏరిస్తే కూలి పోతుంది, ఏరకపోతే ధరలో కోస్తారు. మా ఇంట్లో నేను వద్దనేవాణ్ణి. రెబ్కా కావాలనేది. మన తాలు ఇంకొకడి నోట్లోకి ఎందుకు పోవాలి అనేది. ఆ మాట వీధి చివరిదాకా వినబడేట్టు అనేది. ఏరించేవాళ్లం. ఇప్పుడు తగాదా పడటానికి మనిషి లేక నాతో నేనే పడ్డాను. అది చాలా నీరసమైన పని. రెండు వైపులా నేనే మాట్లాడాలి.

ఈలోపు అద్దంకి దగ్గర మిరప నారు పెంచే కోటేష్ అనే కుర్రాడు ఫోన్ చేశాడు. నారు ట్రేలు తిప్పుకోవడానికి బండి కావాలట. శనివారం సాయంత్రం అల్లాబక్షు షెడ్డుకు వచ్చి చూస్తానన్నాడు. పొగ ఉందా అంకుల్ అని అడిగాడు. బండన్నాక పొగ ఉంటుందన్నాను. ఉంటే నాకొద్దు, మా నారు మాడిపోతుందన్నాడు.

కాబట్టి శనివారం లోపు తేలాలి. సర్వీసు చేయించాలా వద్దా. తోడల్లుడితో కూడా చెప్పాను, సలహా కోసం కాదు, దారిలో ఆయన పాట ఆపడానికి. సర్వీసు సంగతి శనివారం లోపు తేల్చాలి అన్నాను. హెల్మెట్ లోపల్నుంచి ఆమెన్ అని వినబడింది. విన్నాడనుకున్నాను.

ఇక్కడ రెండు విషయాలు చెప్పాలి. మొదటిది, మా పేటలో సర్వీసంటే బండికి చేయించేది ఒక్కటే కాదు. మనిషి పోయి ఏడాది అయ్యాక బంధువులనూ సంఘాన్నీ పిలిచి, పాస్టరుగారితో ప్రార్థన చేయించి, అందరికీ భోజనం పెట్టాలి. దానిని మెమోరియల్ సర్వీసంటారు. మెమోరియల్ అని పలకడం కష్టం కాబట్టి ఒట్టి సర్వీసంటారు. వేటలు కోసి పెడితే పెద్ద సర్వీసు, టీ బిస్కెట్లతో సరిపెడితే చిన్న సర్వీసు. రెబ్కాది నేను చేయలేదు. మంచంలో ఉన్నప్పుడు రానివాళ్లు బిర్యానీకి రానక్కర్లేదని నా ఉద్దేశం. ఆ ఉద్దేశం ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకు చూద్దామన్నాను.

రెండోది, బండి నా నోట్లో 'అది'. నా భార్య కూడా నా నోట్లో 'అది'.

ఆదివారం మధ్యాహ్నం అల్లాబక్షు ఫోన్ చేశాడు. ఏం తేల్చావు బాబాయ్ అన్నాడు. నేను వసారాలో కూర్చుని ఉన్నాను. మా వదిన అప్పుడే కోడికూర గిన్నె పట్టుకుని గేటు దాకా వచ్చింది. ఆమె ఏ ఇంటికి వెళ్లినా గేటు దగ్గర కాసేపు ఆగి, లోపల ఏం మాట్లాడుకుంటున్నారో విని అప్పుడు తలుపు తీస్తుంది. నేను ఆమెను చూడలేదు. ఫోన్లో గట్టిగా మాట్లాడటం నాకు అలవాటు. ఆమె విన్నది ఇది:

"పెద్ద సర్వీసు లేదు, ఏమీ లేదు. దాని మీద నేను పెట్టాల్సింది పెట్టాను, ఇంక పైసా పెట్టను. ఉన్నన్నాళ్లూ తక్కువ తాగిందా నా రక్తం? ఆ దగ్గుకీ ఆ మోతకీ వీధంతా లేచి కూర్చునేది. ఇప్పుడు దానికి ముస్తాబు చేసి నలుగురికీ చూపిస్తే నాకొచ్చేదేంటి? ఇంకోటి చూసుకున్నాను. పొదిలిలో ఉంది. పాతదే గాని కండిషన్లో ఉంది. దీన్ని వదిలించుకుంటేనే అది ఇంటికొస్తుంది."

ఫోన్ పెట్టేసి చూస్తే గేటు మీద కూర గిన్నె ఉంది. మనిషి లేదు. వేడిగా ఉంది, తిన్నాను.

మంగళవారం పొద్దున పాస్టరుగారు వచ్చారు. చిన్నవాడు. మెత్తగా మాట్లాడతారు. మెత్తగా మాట్లాడేవాళ్లంటే నాకు అనుమానం. కుర్చీ వేసి మంచినీళ్లిచ్చాను. ఆయన నా ముఖం చూడకుండా గ్లాసు చూస్తూ మొదలుపెట్టారు.

"సర్వీసు వద్దనుకుంటున్నారని తెలిసింది, సంజీవరావు గారూ."

ఈయన దాకా ఎలా వచ్చిందా అనుకున్నాను. తోడల్లుడు చెప్పి ఉంటాడు.

"వద్దనే అనుకుంటున్నానండి. చేయించినంత మాత్రాన తిరిగొచ్చేదేం లేదు."

"తిరిగొస్తుందని కాదండి. మన తృప్తి కోసం. ఇన్నాళ్లూ మీతో నడిచింది కదా."

"నడిచింది. కాదన్ను. చివరి ఏడాది మాత్రం నేనే నెట్టుకొచ్చాను."

ఆయన కళ్లు మూసుకున్నారు. నాకు తెలుసండి అన్నారు. ఏం తెలుసో నాకు తెలియలేదు. గొంతు ఇంకా తగ్గించి అడిగారు.

"ఇంకొకటి చూసుకున్నారని కూడా విన్నాను."

"చూశానండి. దాచేదేముంది. ఇంతకుముందు ఒక బ్యాంకాయన దగ్గర ఉంది. పెద్దగా వాడలేదంట."

పాస్టరుగారికి నీళ్లు అడ్డం పడ్డాయి. వీపు మీద చరిచాను. తేరుకున్నాక, తోడు కోరుకోవడం తప్పని తాను అనననీ, కాని ముందు దీనికి జరగవలసింది జరగాలనీ చెప్పారు. నా ఉద్దేశమూ అదేనన్నాను. అప్పుడాయన జేబులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టారు. స్త్రీల సమాజం వాళ్లూ మా వదినా తలా కొంత వేశారట.

"ఇది సర్వీసు కోసమండి. ఇంకే ఖర్చుకూ వాడకండి. చిన్నది కాదు, పెద్దదే చేయించండి."

"ఇందులో శ్యామ్ సుందర్ గారిదేమన్నా ఉందా?"

"ఎక్కువ ఆయనదేనండి."

అప్పుడు నాకు అంతా అర్థమైంది. అంటే, అర్థమైందనుకున్నాను. నన్ను రోజూ వెనక ఎక్కించుకోవడం ఆయనకూ ప్రాణాంతకంగానే ఉంది. నన్ను దింపుకోవడానికి సంఘం చేత చందా వేయించాడు. ఆస్పత్రికి రావడానికి బస్సు ఛార్జీ లేదు గాని, నన్ను వదిలించుకోవడానికి డబ్బులున్నాయి. ఇంకొకరిదైతే తీసుకునేవాణ్ణి కాదు. ఆయనది కాబట్టి తీసుకున్నాను.

మధ్యలో ఉండి బేరం కుదిర్చినవాడికి ఎంతో కొంత ఇవ్వడం మా వైపు పద్ధతి. మీకేమన్నా ఇవ్వాలా అని అడిగాను. పాస్టరుగారు నొచ్చుకున్నారు. నాకేం వద్దండి, ఊరికే వచ్చి ప్రార్థన చేసి వాక్యం చెబుతానన్నారు. కొత్త బండి కొన్నప్పుడు పాస్టరుగారి చేత ప్రార్థన చేయిస్తారు, మేమూ చేయించాం. అమ్మేటప్పుడు చేయించడం ఎప్పుడూ వినలేదు. సరే, వాక్యం చెబితే ధర పెరుగుతుందేమో, చెప్పనీ అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే కవరు అల్లాబక్షుకు ఇచ్చి పెద్ద సర్వీసు చేయమన్నాను. శనివారం సాయంత్రానికి అయిపోతుందన్నాడు.

గురువారం నేను చేలో నీళ్లు పెడుతుంటే మా వదిన గట్టు అవతల నిలబడింది. కూర గిన్నె కోసం వచ్చిందనుకున్నాను.

"ఎప్పుడు పెట్టావు సర్వీసు?"

"శనివారం సాయంత్రం. అల్లాబక్షు చేస్తున్నాడు."

అదే అద్దంకి రోడ్డులో పెళ్లిళ్లకు బిర్యానీ వండే అల్లాబక్షు ఇంకొకడు ఉన్నాడని నాకు తెలియదు. మెకానిక్ అల్లాబక్షు ఉన్నాడని ఆమెకు తెలియదు.

"బాగా చేస్తాడా?"

"చెయ్యి మంచిది. నూనె కూడా ఇదివరకంత పట్టదన్నాడు."

"అదే మంచిదిలే. మనవాళ్లందరికీ గుండెజబ్బులు."

ఈ రెంటికీ సంబంధం ఏమిటో నాకు తెలియలేదు. మా వదిన మాటలు ఎప్పుడూ అలాగే ఉంటాయి. గుళ్లోనేనా అని అడిగింది. మా పేటలో చర్చిని గుడి అనే అంటాం. గుళ్లో ఎలా చేస్తారు, నేలంతా పాడవుతుంది, దర్శిలో వాడి షెడ్డులోనే అన్నాను. షెడ్డంటే భోజనాలకు వేసే రేకుల షెడ్డు అనుకుంది. ఎంతమందికి చెప్పావంది. కోటేష్ అనే కుర్రాడు ఒక్కడికే చెప్పానన్నాను.

"ఒక్కడికేనా? పోనీలే, మిగతావాళ్లకి నేను చెప్తాను."

"చెప్పు వదినా. ఎంతమందొస్తే అంత మంచిది."

నేను బేరగాళ్ల గురించి అన్నాను. ఇద్దరు ముగ్గురు వస్తే కోటేష్ ధర దించడు. మా వదిన కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మారావయ్యా అంది. మిరప చేలో నిలబడితే ఎవరికైనా కళ్లు మండుతాయి. నేను పట్టించుకోలేదు.

శనివారం సాయంత్రం సర్వీసు ఆటో ఎక్కి దర్శి వెళ్లాను. బండిని గుర్తుపట్టలేకపోయాను. కడిగి, తుడిచి, ట్యాంకు మీద పాలిష్ కొట్టి షెడ్డు మధ్యలో నిలబెట్టాడు. సీటుకు కొత్త కవరు. కొన్న రోజున కూడా ఇంత బాగా లేదు. ఇంకో సంగతి చెప్పాలి బాబాయ్, నువ్వు నమ్మవు అని అల్లాబక్షు మొదలుపెట్టాడు. అంతలో రోడ్డు మీద పోతున్న రెండు ఆటోలు నన్ను చూసి షెడ్డు ముందు ఆగాయి.

ఆటోల్లోంచి దిగినవాళ్లు దిగుతూనే ఉన్నారు. ఆడవాళ్లంతా తెల్లచీరలు కట్టుకున్నారు. మగవాళ్లు చంకల్లో బైబిళ్లు పెట్టుకున్నారు. వెనక స్కూటర్ మీద శ్యామ్ సుందర్, హెల్మెట్‌తో. పాస్టరుగారు తెల్ల అంగీ వేసుకున్నారు. అందరికన్నా ముందు మా వదిన, రెండు చేతులా రెబ్కా ఫోటో పట్టుకుని. పెద్ద ఫ్రేము, చేమంతుల దండ.

బండి కొనడానికి ఇంతమందా అనుకున్నాను. తర్వాత ఫోటో ఎందుకా అనుకున్నాను. తర్వాత ఏమీ అనుకోలేదు.

వాళ్లు పందిరి కోసం చూశారు, కుర్చీల కోసం చూశారు. టైర్లు కనబడ్డాయి. గ్రీసు పట్టని చోటు షెడ్డులో ఒక్కటే ఉంది. ఫ్రేము బరువుకు మా వదిన చేతులు లాగుతున్నట్టున్నాయి. ఫోటోను బండి సీటు మీద పెట్టి ట్యాంకుకు ఆనించింది. దండ హ్యాండిల్ మీద పడింది.

సరిగ్గా అప్పుడు కోటేష్ వచ్చాడు.

అతను బండిని చూశాడు. ఫోటోను చూశాడు, దండను చూశాడు, తెల్లచీరలను చూశాడు. పాస్టరుగారు పుస్తకం తెరవడం చూశాడు. నా దగ్గరకు వచ్చి చెవిలో అడిగాడు.

"బండి మీదే పోయారా అంకుల్?"

"బండి మీద కాదు. ఆస్పత్రిలో."

"ఎవరు?"

"మా ఆవిడ."

"నాకు పెళ్లయి ఆరు నెలలు కాలేదు అంకుల్," అని వెళ్లిపోయాడు. పొగ లేదని వెనక నుంచి అన్నాను. తిరిగి చూడలేదు.

మా వదిన అల్లాబక్షును వంట ఎక్కడ చేస్తున్నారని అడిగింది. వంటేంటమ్మా, ఇది బండ్ల షెడ్డు అన్నాడు. బిర్యానీ అల్లాబక్షువి నువ్వు కాదా అంది. ఆయన నాలుగు కొట్ల అవతలండి అన్నాడు. అప్పుడు ఆమె బండి వైపు చూసింది. మెరిసే ట్యాంకు చూసింది. నా వైపు తిరిగింది.

"సర్వీసు బండికా?"

"బండికే."

"మేం ఇచ్చిన డబ్బులు?"

"సర్వీసుకే వాడాను. ఇంకే ఖర్చుకూ వాడొద్దన్నారు అయ్యగారు. వాడలేదు."

పాస్టరుగారు నేల చూశారు. నేల మీద ఆయిల్ తప్ప ఏమీ లేదు.

"మరి పొదిల్లో ఉన్నది?"

"స్కూటీ."

వెనక ఎవరో ఆడమనిషి నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకొకావిడ ఆపుకోలేదు. శ్యామ్ సుందర్ హెల్మెట్ తీశాడు. ఆయన తల నాకు కనబడి చాలా కాలమైంది.

"దారిలో నాతో అన్నావు కదయ్యా, సర్వీసు సంగతి తేల్చాలని. నేను రెబ్కాదనుకున్నాను."

"రెబ్కా సంగతి మీకెందుకు చెబుతాను అన్నయ్య గారూ? అది ఆస్పత్రిలో ఉంటే అడ్రసు అడగలేదు మీరు."

 నవ్వినావిడ నవ్వు ఆపేసింది. ఏడాదిగా నోట్లో పెట్టుకున్న మాట. అది అనడానికి మంచి చోటు చూసుకుందామనుకుంటూ ఉన్నాను. మెకానిక్ షెడ్డులో అంటాననుకోలేదు. ఆయన హెల్మెట్‌ను అటూ ఇటూ తిప్పాడు గాని మళ్లీ పెట్టుకోలేదు.

వచ్చాం కదండీ, కూర్చుందాం అన్నారు పాస్టరుగారు. కూర్చున్నారు. టైర్ల మీద కొందరు, పాత సీట్ల మీద కొందరు, బ్యాటరీ డబ్బాల మీద కొందరు. వెనకే ఉన్న ఇంట్లోంచి అల్లాబక్షు భార్య మాబూబీ తొంగి చూసింది. ఏమిటని అడగలేదు. ఫోటో చూసి, మొగుణ్ణి పాలకు పంపి, పొయ్యి మీద టీ పెట్టింది. పాట పాడారు. పక్కన లారీలు పోతూ ఉన్నాయి, అయినా పాడారు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు.

నేను సభల్లో మాట్లాడే మనిషిని కాదు. ఊరి బళ్లో నేర్చుకున్నది చాలా తక్కువ, అందులో ఇది లేదు. లేచి నిలబడ్డాను. ఎదురుగా బండి ఉంది. బండి మీద అది ఉంది.

"ఎండనకా వాననకా తిరిగింది," అన్నాను. "ఎక్కడికంటే అక్కడికి వచ్చింది. మోత ఎక్కువ. కాని నన్నెప్పుడూ దారి మధ్యలో దింపలేదు. చివర్లో మొరాయించిందంటే, తప్పు దానిది కాదు. అరిగిపోయింది. ఇదుగో, ఇంతమంది ఉన్నారు ఊళ్లో, ఒక్కళ్లూ ముందుగా చూడలేదు."

ఆడవాళ్లు ఏడ్చారు. మా వదిన అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. శ్యామ్ సుందర్ హెల్మెట్‌లోకి చూస్తూ ఉండిపోయాడు. నేను బండి గురించే మొదలుపెట్టాను. ఎక్కడ దాటిందో నాకు తెలియదు. కూర్చున్నాను.

టీలు తాగుతుండగా అల్లాబక్షు నా చెయ్యి పట్టుకుని బండి దగ్గరకు లాక్కెళ్లాడు. ఇందాక చెప్పబోయిన సంగతి ఇదే బాబాయ్ అన్నాడు. ఏడాదిగా సెల్ఫ్ మోటారు కాలిపోయిందని చెప్పింది ఇతనే. ఇంజను విప్పినప్పుడు చూశాడట. మోటారు నిక్షేపంగా ఉంది. మా ఇంట్లో పత్తి బోరాల పక్కన బండి పెట్టేవాణ్ణి. ఎలుక వైరు కొరికింది. బెత్తెడు వైరు ముక్క వేశాడు, అంతే.

"ఏడాది నుంచీ విప్పకుండానే చెప్పావా?"

"శబ్దం అలా ఉంది బాబాయ్."

ఇతని సంగతి కూడా గుర్తుపెట్టుకున్నాను.

బొటనవేలితో నొక్కాను. ఒక్క నొక్కుకు అందుకుంది. దగ్గు లేదు, మోత లేదు, పొగ లేదు. సీటు మీద ఫోటో గడగడ వణికింది. మా వదిన పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. టైరు మీద కూర్చున్న ముసలావిడ ఒకామె దేవునికి స్తోత్రం అంది. నలుగురైదుగురు అందుకున్నారు.

చీకటి పడబోతుంటే శ్యామ్ సుందర్ స్కూటర్ తీశాడు. వెనక సీటు తుడిచి, రా సంజీవరావూ, నెమ్మదిగా పోదాం అన్నాడు. ఇప్పటికీ అలవాటు పోలేదు ఆయనకి. మీరు నెమ్మదిగా రండి అన్నాను. ఫోటోను మాబూబీ ఇచ్చిన దుప్పట్లో చుట్టి, వెనక సీటు మీద నిలబెట్టి తాడుతో కట్టాను. దారిలో గుంట వచ్చిన ప్రతిసారీ అలవాటుగా నెమ్మది చేశాను. గుంటలో వేగంగా పోతే తిట్టే మనిషి ఆ సీటు మీదే కూర్చునేది.

బండి అమ్మలేదు. స్కూటీని పొదిల్లో ఎవరో కొనుక్కున్నారు. ఏడాది భోజనం పెట్టలేదు, పెట్టను. ఆ రోజు జరిగినదాన్ని పేటలో బండి సర్వీసు అంటున్నారు, అననీ. ఈ ఏడు కాయ ఎండాక తాలు ఏరించే యార్డుకు తోలాను. ఎవరూ అడగలేదు, ఎవరూ గొడవ పెట్టలేదు, ఏరించాను. డబ్బు చేతికి రాగానే స్త్రీల సమాజం వాళ్ల చందా ఎవరిది వాళ్లకు ఇచ్చేశాను. తోడల్లుడిది ఇవ్వలేదు. గుంటూరు బస్సు ఛార్జీ కింద జమ వేసుకున్నానని మా వదినతో కబురు చేశాను. ఆయన అడగలేదు.

రోజూ పొద్దున్నే దర్శి రోడ్డు మీద ఆయన స్కూటర్ కనబడుతుంది. హెల్మెట్‌లో పాట పాడుకుంటూ, గేదెల వెనక పోతూ ఉంటాడు. దాటేటప్పుడు చెయ్యెత్తుతాడు. నేను ఎత్తను. హారన్ కొడతాను. అది కూడా అల్లాబక్షు బాగుచేశాడు.